సంఘం పేరు కోసం గోదావరి దాటిన రోజు

మా చిన్నమ్మ రాజవ్వ పిలవకపోతే నేను ధర్మపురి దాటి ఆవలి ఒడ్డుకు వెళ్లేదాన్ని కాదు. సుల్తానాబాద్‌లో ఆమెది మగ్గం బతుకు. నూలు సావుకారు ఇస్తాడు, నేసిన బట్ట ఆయనే తీసుకుంటాడు, కూలి ఆయన చెప్పిందే. గోదావరికి ఇటూ అటూ ఉన్న నేత కుటుంబాలు కష్టానికి ఒకరికొకరు ఉండాలని కొన్నేళ్ల కింద ఒక సంఘం కట్టుకున్నాయి. కానీ అది నడిచేది ఊళ్లోని ఒక సేవా మండలి నీడలో. గది మండలిది, బోర్డు మండలిది. ఈసారి దసరా అయ్యాక కూలి పెంచమని మగ్గాలు ఆపితే మండలి నుంచి కబురు వచ్చింది: ఆకలైతే బియ్యం ఇస్తాం, కూలి మాట ఎత్తొద్దు. మండలికి పెద్ద దాత ఆ సావుకారే మరి.

చిన్నమ్మ గది తాళంచెవి వాళ్ల అరుగు మీద పెట్టి వచ్చేసింది. "బియ్యం అడుక్కునేటందుకా సంఘం పెట్టుకున్నది? మన పేరు మీద మనమే రిజిస్టరు జేయించుకుందాం," అన్నది. అందుకు ఆవలి ఒడ్డు వాళ్లూ ఒప్పుకోవాలి. నేను కరీంనగర్‌లో బడిపంతులమ్మను కాబట్టి రాతకోతలకు పనికొస్తానని తోడు రమ్మంది.

తెల్లవారుతూనే కరీంనగర్‌లో బస్సెక్కాం. జగిత్యాల మీదుగా ధర్మపురికి టికెట్టు రెండు రూపాయల పైచిల్లర. దారి గుంతలమయం, ముందు సీట్లు దొరికితేనే నడుము మిగులుతుంది. పది కాకముందే దిగి, నరసింహస్వామి గుడి వీధిలో చాయ్ తాగి రేవుకు నడిచాం. పడవకు మనిషికి పావలా. పడవ నడిపే అతను మా సంగతి విని, "పొద్దుగాలనే మండలి గుమాస్తా దాటిండక్కా. మీకంటె ముందు ఊరోళ్లతోని మాట్లాడాల్నని జెప్పిండు," అన్నాడు.

"మాట్లాడనియ్. మాకూ నోరున్నది," అంది చిన్నమ్మ.

ఒడ్డు నుంచి ఊరికి బండ్ల బాట, జొన్నచేల మధ్య గంట నడక. మల్లవ్వ ఇంట్లో దిగాం. ఆమె కూడా నేత మనిషే, ఒంటరిది. జొన్నరవ్వతో వండిన గట్క, మామిడి తొక్కు పెట్టింది. సంఘం సంగతి మేమెంత ఎత్తినా మా కంచాల్లో ఇంకాస్త వడ్డించింది. "ముందుగాల తినుండ్రి," అని మాత్రం అంది.

మధ్యాహ్నం వీధిలో అందరూ కూడారు. పడుగు చేయడానికి నూలు బారుగా సాగదీసి ఉంది. దానికి అటూ ఇటూ కూర్చున్నారు. గుమాస్తా ముందే మొదలుపెట్టాడు. "మండలి పేరు లేకుంటే మీది ఉత్త సంఘం. గా మాటంటె ఏందో మీకు తెల్వదా? పోలీసు యాక్షన్ అయినంక సంఘపోళ్లని ఎట్ల కొండవోయిన్రో యాది జేసుకోండ్రి. మల్ల మిలిటరీ క్యాంపులు పడ్తయ్."

దొరల మీద తిరగబడ్డవాళ్లను సంఘపోళ్లని పట్టుకుపోయిన ఆ రోజులు చూసినవాళ్లే అందరూ. చివరికి ముసలి లింగయ్య, "పేరు మార్చుకుందాం రాజవ్వా. సమాజమనో, సభ అనో పెట్టుకుందాం. ఎందుకచ్చిన పరేషాన్," అన్నాడు. కొందరు తలలూపారు. చిన్నమ్మ ముఖం ఎర్రబడింది.

అప్పుడు గడప దగ్గర నిలబడ్డ మల్లవ్వ వీధిలోకి వచ్చింది. "పేరు మారిస్తే నేను మీతోని రాను. నా పెనిమిటిని సంఘపోడనే జీపుల ఎక్కించుకపోయిన్రు. మల్ల రాలే. ఆయన ఏం జేసిండు? వెట్టి జెయ్యనన్నడు. ఇయ్యాల మనం గా మాటకు భయపడితె, ఆయన తప్పు జేసిండని మనమే ఒప్పుకున్నట్టు."

చెయ్యి పైకెత్తి అలాగే నిలబడింది. పక్కనున్న ఆమె చెయ్యెత్తింది, ఆ వెనక మరొకరు. లింగయ్య, "పేరు గట్లనే ఉండనియ్," అని తనూ ఎత్తాడు.

"రేపు ఆకలైతే మండలి దిక్కు రావద్దు మరి," అన్నాడు గుమాస్తా.

"ఆకలి మాకు కొత్తనా? నువ్వే ఎండల వడి అచ్చినవు. జర గట్క తిని పో," అంది మల్లవ్వ. అతను తినకుండానే వెళ్లాడు.

ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు మల్లవ్వనూ లింగయ్యనూ వెంటబెట్టుకుని కరీంనగర్ చేరాం. రిజిస్ట్రేషను కచేరీలో అధికారి కాగితాలు చదివి, "మీ వెనక ఎవరున్నారమ్మా? పెద్దలెవరైనా?" అని మర్యాదగానే అడిగాడు. చిన్నమ్మ ఒకసారి మా వైపు తిరిగి చూసింది. "మా ఎనుక మేమే ఉన్నం సారూ," అంది. ఆయన కాగితాల మీద ముద్ర కొట్టాడు.

సంఘం అడిగిన పెంపులో సావుకారు సగమే ఇచ్చాడు. మగ్గాలు ఆడుతున్నాయి, తక్కిన సగం కోసం సంఘం ఇంకా అడుగుతూనే ఉంది. కూడడానికి గది లేదు, వీధి ఉంది. మా ఇంట్లో బాపు ఇప్పటికీ సంఘం అనే మాటను తలుపు వేశాకే పలుకుతాడు. నేనూ ఆ భయంలోనే పెరిగాను. నడివీధిలో, పట్టపగలు, ఆ మాటను ఒక ఆడమనిషి తన మనిషి పేరులా పలకడం విన్నాక నాకు ఆ తలుపు వేసుకోవాలనిపించడం లేదు.

ఆ ఒడ్డుకు వెళ్లదలచినవారు ఉదయమే పడవెక్కండి. మధ్యాహ్నం దాటితే నది మీద గాలి లేస్తుంది, పడవ నడపరు. ఏం పని మీద వచ్చారని రేవులో అడుగుతారు. సంఘం పని అని చెప్పండి, మెల్లగా కాదు.