మా బూడిదరంగు కారు జబ్బు

భిలాయిలో మా ఆయన స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో మెయింటెనెన్సు పని చేసేవారు. బేరింగు చప్పుడు విని అది ఇంకెన్నాళ్లు ఉంటుందో చెప్పగలరని ఆయన షిఫ్టు వాళ్లు అనేవారు. అలాంటి మనిషిని ఒక పాత కారు రెండేళ్లు ఏడిపించింది.

తొంభైల మధ్యలో, రిటైరై సొంత ఊరు వెళ్లిపోతున్న ఒక ఉద్యోగి దగ్గర ఆ కారు కొన్నాం. బూడిదరంగు, నాలుగు తలుపులు, వెనక పెద్ద డిక్కీ. వైపర్లలో ఒకటే పనిచేసేది. వెనక ఎడమ తలుపు బయట నుంచి ఎవరైనా తీస్తేనే వచ్చేది. వాటికి అలవాటు పడిపోయాం. అలవాటు పడలేకపోయింది ఒక్కదానికే. ఐదారు కిలోమీటర్లు చక్కగా నడిచేది. ఆ తర్వాత రెండుసార్లు కుదిపి, రోడ్డు మధ్యలో ప్రాణం పోయినట్టు ఆగిపోయేది.

సుపేలాలో మెయిన్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కార్లు బాగుచేసే ఒక మిస్త్రీ ఉండేవాడు. యాభై దాటిన మనిషి, తక్కువ మాటలు. ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు. ఎండాకాలంలో పెట్రోల్ పంపు వేడెక్కుతుందని, దాని మీద తడిగుడ్డ వెయ్యమన్నాడు. వేస్తే కారు కదిలింది! పక్కనే చరోదాలో ఉండే మా వదినగారి భర్త, రైల్వే మనిషి, కార్బురేటర్ మీద స్పానరుతో రెండు దెబ్బలు వేశారు. అప్పుడూ కదిలింది. మా అత్తగారు బంపరుకి నిమ్మకాయ కట్టించినప్పుడూ కదిలింది. ఎవరి వైద్యం మీద వాళ్లకి నమ్మకం కుదిరింది. మళ్లీ వారానికి కారు ఎక్కడో ఆగేది.

అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పించుకోడానికి ఆసుపత్రికి బయల్దేరాం. సరిగ్గా సుపేలా బజారులో, ఆ మిస్త్రీ షెడ్డు కనిపించేంత దూరంలో కారు ఆగింది. వెనక బస్సు హారన్, ఆటోల వాళ్ల కేకలు. మా ఆయన దిగి నేరుగా షెడ్డుకి వెళ్లి, గిరాకీల ముందే మిస్త్రీ మీద అరిచేశారు. "రెండేళ్లుగా ఏం రిపేరు చేస్తున్నావ్? నీకు పని వచ్చా అసలు?" అంటూ హిందీలో ఇంకా ఏవేవో అన్నారు. మిస్త్రీ చేతిలో గుడ్డతో తలవంచుకుని నిలబడ్డాడు.

నేనూ అత్తగారూ ఆటో ఎక్కాం. కట్టులేని కంటితో రోడ్డు చూస్తూ ఆవిడ అంది:

"ఆడికి ఆ మనిషి మీద కోపం కాదమ్మా. మిల్లులో అందరూ ఆడ్నే పిలిచి అడుగుతారు. సొంత బండి దగ్గరికొచ్చేసరికి ఏటీ తెలవట్లేదని సిగ్గు."

అంతవరకూ నాకూ ఆయన మీద కోపంగానే ఉంది. ఆ మాటతో తగ్గింది.

కారు ఇంటికి తెచ్చి పెట్టాక ఇరవై రోజులు ఆయన దాన్ని ముట్టుకోలేదు. డ్యూటీకి సైకిల్ మీదే వెళ్లారు. సుపేలా వైపు పని పడినా చుట్టు తిరిగి వచ్చేవారు. ఒక ఆదివారం నేనే పట్టుబట్టి చరోదాలో వదినగారింటికి బయల్దేరదీశాను. సగం దారిలో కారు రెండుసార్లు కుదిపి ఆగింది. ఆయన నిట్టూర్చి, బానెట్ తియ్యడానికి దిగబోయారు.

"ఆగండి," అన్నాను. "ఈసారి ఏటీ ముట్టుకోకండి."

"ఊరికే కూర్చుంటే బాగైపోద్దేటి?"

"తడిగుడ్డకీ లెగిసింది, నిమ్మకాయకీ లెగిసింది. ఏది చేసినా పది నిమిషాలు పట్టింది కదా. ఏటీ చెయ్యకుండా సూద్దాం."

లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. ఇద్దరం కారులోనే కూర్చున్నాం. పది నిమిషాలయ్యాక ఆయన గడియారం చూసి తాళం తిప్పారు. ఇంజను వెంటనే అందుకుంది.

ఆయన బండి కదపలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టి అలాగే ఉండిపోయారు.

"అయితే ఇంజనుది కాదు," అన్నారు చివరికి. "టాంకీలో ఏదో ఉంది. పెట్రోల్‌తో పాటు పైపు మూతికొచ్చి అడ్డం పడతంది. బండి ఆగితే లాగడం ఉండదు, అది జారిపోద్ది." నా వైపు తిరిగి, "టాంకీ దింపాలి. నా ఒక్కడి వల్ల కాదు. ఆడి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని ఎల్తాను?" అన్నారు.

"ఈ మొహమే పెట్టుకుని ఎల్దాం. తిప్పండి బండి."

మేం వెళ్లేసరికి మిస్త్రీ టీ తాగుతున్నాడు. మా ఆయన అతనికి ఎదురుగా నిలబడి, "భయ్యా, ఉస్ దిన్ గల్తీ మేరీ థీ," అన్నారు. ఆ రోజు తప్పు తనదేనని ఒప్పుకున్నారు. మిస్త్రీ గ్లాసు కింద పెట్టి, చెప్పు, బండికి ఏమైందన్నట్టు తలాడించాడు. మా ఆయన చెప్పింది మొత్తం విన్నాక కారు కిందకి దూరాడు.

ఇద్దరూ కలిసి టాంకీ దింపి, పెట్రోల్ డబ్బాలోకి వంపి, లోపల తీగతో దేవారు. అరచేయంత పాలిథిన్ ముక్క బయటికొచ్చింది. ఎప్పుడో టాంకీ మూత పోతే పాత యజమాని పాలిథిన్ కవరు కట్టి ఉంటాడు. అది చిరిగి లోపల పడిపోయి ఉంటుంది.

"దో సాల్ సే యహీఁ బైఠా థా!" రెండేళ్లుగా ఇక్కడే కూర్చుందా, అని మిస్త్రీ పగలబడి నవ్వాడు. మా ఆయనా నవ్వారు. పెట్రోల్ చేతులతో కళ్లు తుడుచుకోబోతే నేనే ఆపి నా కొంగు అందించాను.

కారు ఆ తర్వాత బుద్ధిగా ఉందని చెప్పలేను. రెండు నెలలకి చరోదా దారిలో సైలెన్సర్ ఊడి పడింది. మా ఆయన దాన్ని చల్లారనిచ్చి డిక్కీలో వేసి, ట్రాక్టరు లాంటి చప్పుడుతోనే వదినగారింటికి తీసుకెళ్లారు. మళ్లీ ఎవరి మీదా అరవలేదు. వీక్లీ ఆఫ్ రోజున మాత్రం సైకిల్ తీసి సుపేలా వెళ్లేవారు. షెడ్డులో స్టూలు మీద కూర్చుని, ఎవరెవరివో కార్ల ముందు మిస్త్రీతో వాదించి, మధ్యాహ్నం భోజనానికి వచ్చేవారు.