పుచ్చిన మొద్దులోకి దిగిన దేవుడు

"ఆ పుచ్చు మొద్దుతో ఏం చేత్తావయ్యా, చెత్తబండిలో పడెయ్యరాదా" అన్నాను నేను.

"పుచ్చిందని పారేసేటట్టయితే నన్నెప్పుడో పారేసేదానివి గదే సువార్తా. కాఫీ గరాజ్‌లోకే పట్టుకురా" అన్నాడు ఆయన.

సహోదరులారా, సహోదరీలారా, నా భర్త దావీదూ నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. కాఫీ పట్టుకుని వెళ్లేసరికి ఆయన కుర్చీలో పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు, పిలిస్తే పలకలేదు, గుండె ఆగిపోయిందని అన్నారు.

అమెరికాలో, ఈ బెంటన్‌విల్ ఊళ్లో మా అమ్మాయి కరుణ ఇంట్లో ఉంటున్నాము. నాకు సంతకం తప్ప రాత రాదు, నేను చెబుతుంటే కరుణే ఇదంతా రాస్తోంది. మావారు మన దేశంలో వడ్రంగం చేసిన మనిషి, ఇక్కడ ఊరికే కూర్చోలేక గరాజ్‌లో లేతు మిషను పెట్టుకుని, గాలివానకు పడిపోయిన చెట్ల మొద్దులు తెచ్చుకుని, అవి గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి గిన్నెలు తొలిచేవాడు. చివర్లో గరుకు కాగితం పట్టి నునుపు చేయడం నా పని.

ఆయన పోయాక నేను మనిషిలా లేను. అన్నం సహించేది కాదు, నిద్ర రాదని డాక్టరు గారు మాత్రలిస్తే పగలు కూడా అవే మింగి పడుకునేదాన్ని, సంఘం వాళ్లు వచ్చి ప్రార్థన చేస్తుంటే గోడ వైపు తిరిగేదాన్ని. నా ప్రార్థన ఒక్కటే. "ప్రభువా, ఈ దుఃఖాన్ని నాలోంచి పీకి పారెయ్యి, లేదా నన్నే తీసుకుపో." దేవుడు పీకనూ లేదు, తీసుకుపోనూ లేదు.

ఒకరోజు కరుణ నా మంచం దగ్గర కూర్చుని, "అమ్మా, ఆ లేత్ చూసి చూసి నువ్వు ఇలా అయిపోతున్నావు, ఎవరికైనా ఇచ్చేద్దాం, శనివారం ఒకాయన పికప్ చేసుకుంటానన్నాడు" అంది. ఆ మాటకి నేను మంచం దిగాను సహోదరులారా! ఎలా దిగానో నాకే తెలియదు.

"మీ నాన్న మొద్దు మిగిలిపోయింది. అది అయ్యేదాకా ఎవర్నీ రావద్దని చెప్పు" అన్నాను.

"నీకు లేత్ ఆన్ చేయడం కూడా రాదు కదమ్మా."

"కాగితం పట్టినదాన్ని, ఉలి పట్టలేనా" అన్నాను.

ఆయన ఆ మొద్దును రెండు చెక్కలుగా కోసి పెట్టి ఉన్నాడు. రెండింటికీ ఒక పక్కంతా పుచ్చే, వేలు పెడితే తడిసిన రొట్టెలోకి దిగినట్టు దిగిపోతోంది. నేనేం చేశానంటే, వంకాయలో పుచ్చు కోసేసినట్టు చాకు పెట్టి ఒక చెక్కలోని పుచ్చంతా తవ్విపారేశాను. ఆయన చేస్తుంటే చూసిన గుర్తు మీద దాన్ని లేతుకు బిగించి, ఆయన మొహానికి పెట్టుకునే ముసుగు నేను పెట్టుకుని, మిషను మీట నొక్కి ఉలి ఆనించానో లేదో, అది ఫట్‌మని విడిపోయి గోడకు కొట్టుకుంది. దేవుడే కాపాడాడు. పుచ్చు తీసేస్తే ఇక ఆ చెక్కకు నిలబడే బలం లేకుండా పోయింది.

నేల మీద కూలబడి, తవ్విపారేసిన ముక్కలు ఎత్తి చూశాను. వాటి మీద బొగ్గుతో గీసినట్టు సన్నని నల్లని గీతలు! అంత అందం గట్టి కర్రలో ఎక్కడా లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన ఏనాడూ పుచ్చు తవ్వలేదు. నీళ్లలా పల్చగా ఉండే జిగురు సీసా తెచ్చి పుచ్చులోకే పోసి, మర్నాటి దాకా ముట్టుకునేవాడు కాదు. గట్టి కర్ర మీద పోస్తే జారిపోతుందే, పుచ్చిన కర్రే తాగుతుంది అనేవాడు.

రెండో చెక్క దగ్గర మోకాళ్లూని ఆ జిగురు పోస్తుంటే, ఎంత పోసినా తాగుతూనే ఉంటే, నా నోట వేరే ప్రార్థన వచ్చింది. "ప్రభువా, తీసెయ్యమని ఇంక అడగను. నువ్వే దిగు. పుచ్చిన చోట్లోకే దిగు. నన్ను గట్టిపరచు."

ఆ రాత్రి నేను ఏడ్చాను, కానీ గోడ వైపు తిరగలేదు. మర్నాడు జిగురు ఆరాక చూస్తే వేలు దిగిన చోట గోరు కూడా దిగలేదు. ఉలి ఎన్నోసార్లు ఎగిరింది, అరచేతులు బొబ్బలెక్కాయి, అయినా వదల్లేదు, రోజూ ఆఫీస్ నుంచి వచ్చి కరుణ గరాజ్ తలుపు దగ్గరే నిలబడి కాపలా కాసింది. గిన్నె పూర్తయింది! మాత్రలు కూడా డాక్టరు గారు మెల్లగా తగ్గించి మాన్పించారు. దుఃఖం పోలేదు సహోదరులారా, అబద్ధం చెప్పను. అది ఉన్న చోటే నా దేవుడు కూడా ఉన్నాడు, అందుకే నేను విడిపోలేదు. మహిమంతా ఆయనదే.

ఇప్పుడు ఆదివారం మన తెలుగు సహవాసంలో ప్రార్థన చీట్లు వేసేది ఆ గిన్నెలోనే. దాన్ని చేత్తో తడిమి చూడండి, నల్లని గీతలున్న వైపు తడమండి. మీలో మెత్తబడిపోయిన చోటు ఏదైనా ఉంటే దాచుకోకండి, బాగుపడ్డాక వస్తామనకండి, అలాగే తీసుకుని ప్రభువు దగ్గరికి రండి.

ఇంక చాలు కరుణా, కళ్లు తుడుచుకో. ఏదీ, మొదట్నుంచీ చదివి వినిపించు, మీ నాన్న కాఫీ అడిగిన కాడ మాత్రం కొంచెం నెమ్మదిగా చదువమ్మా.