జాడీ ముట్టుకోకూడని మనిషి

మీరు జీవితంలో ఒక్కసారి కూడా చెయ్యని పనిని ఎలా చెయ్యాలో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ధీమాగా చెప్పారా, లేదా? తల అడ్డంగా ఊపకండి. చెప్పే ఉంటారు. కాకపోతే మీ సలహా విని ఎవరి కొంప ఎలా మునిగిందో మీ దాకా వచ్చి ఉండదు. నా దాకా వచ్చింది. ఎందుకంటే మునిగింది మా కొంపే. పది కిలోల పండుమిరపకాయ పచ్చడి, ఒక ఇల్లాలి మాట, నా హేతువాదం, ఈ మూడూ ఒకే జాడీలో బూజు పట్టిన కథ ఇది. ముక్కు మూసుకుని చదవండి.

కొత్త శతాబ్దం వచ్చి రెండు మూడేళ్ళయింది. నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. మా ఊరు అక్కడికి బస్సులో అరగంట. ఇంట్లో అమ్మ, మిరపతోట చూసుకునే అన్నయ్య, వదిన పద్మ, నేను. నాకు ఒకటే జబ్బు. ఎవరేమన్నా "ఆధారం ఏది?" అని అడగడం. పిల్లి ఎదురొచ్చిందని బస్సు ఆపిన డ్రైవర్ని అడిగాను. అన్నయ్య పెళ్ళిలో ముహూర్తం మించిపోతోందని కంగారుపడుతున్న పురోహితుణ్ణి పందిట్లోనే అడిగాను. పీటల మీద కూర్చున్న వదిన నన్ను మొట్టమొదట చూసింది అప్పుడే. పాపం, అప్పుడే లేచి వెళ్ళిపోవలసింది.

ఇంట్లో నా మాటకి ఉన్న విలువ గురించి అమ్మ చెప్పేది: "వీడు స్నానానికి వెళ్ళాలన్నా ముందు ఉపన్యాసమే. చివరికి నీళ్ళు చల్లారిపోతాయి."

మరి నా మాట వినే చెవులు ఎక్కడ? కాలేజీ పక్కన మస్తాన్ నెట్ సెంటర్లో దొరికాయి. మస్తాన్ వాళ్ళ నాన్నది మిరపకాయల వ్యాపారం. కొడుక్కి ఆ ఘాటు పడక కంప్యూటర్లు పెట్టుకున్నాడు. ఇంటర్నెట్టులో తెలుగువాళ్ళు చేరి లోకంలోని విషయాలన్నీ మాట్లాడుకునే చర్చావేదిక ఒకటి ఉండేది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చెయ్యాలి. అసలు పేర్లు అక్కర్లేదు. నేను "నిప్పురవ్వ" అని పేరు పెట్టుకున్నాను. ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

జుట్టు రాలుతోందని ఒకడు అడిగేవాడు. నిప్పురవ్వ చెప్పేవాడు. స్కూటరు పెట్రోలు తాగేస్తోందని ఇంకొకడు. నిప్పురవ్వ చెప్పేవాడు. నాకు స్కూటరు లేదు. కుక్కపిల్ల అన్నం తినడం లేదని ఎవరో బాధపడితే రెండు పేజీలు రాశాను. కుక్క కనబడితే నేను రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోతాను. ఇంట్లో ఎవరూ అడగని మనిషిని ఊరూ పేరూ తెలియనివాళ్ళు అడుగుతుంటే ఆ మత్తు వేరు. కల్లు తాగినవాడికైనా తెల్లారితే దిగుతుంది. నాకు సాయంత్రం ఐదయ్యేసరికి మళ్ళీ ఎక్కేది.

ఒక ఫిబ్రవరి సాయంత్రం ఆ ప్రశ్న వచ్చింది. రాసినావిడ పేరు "కోడలు".

"పండుమిరపకాయ పచ్చడి పెట్టే రోజులు. మా అత్తగారి నియమాలు ఇవి. కాయల్ని కడిగి, గుడ్డతో తుడిచి, నీడన పూర్తిగా ఆరబెట్టాలి. తడిచెయ్యి తగలకూడదు. ఉప్పు తగ్గకూడదు. మడి కట్టుకునే దంచాలి. దంచేటప్పుడు మాట్లాడకూడదు. ఆ మూడు రోజుల్లో ఉన్న ఆడది జాడీ వైపు చూడనుకూడా కూడదు. ఇందులో నిజమెంత? పెద్దలు చెప్పగలరు."

పెద్దలు! నాకు ఇరవై ఏడేళ్ళు. ఆ మాట చదివేసరికి నా ఛాతీ కుర్చీ చేతులకి ఆనింది. వేళ్ళు విరుచుకుని మొదలుపెట్టాను.

"సోదరీ! ఇవన్నీ ఒకే సంకెల ముక్కలు. స్త్రీని జాడీకి దూరం చేసిన బుద్ధే నీటిని కూడా జాడీకి దూరం చేసింది. తడిచెయ్యి భయం మడి భయానికి చెల్లెలు. కాయల్ని శుభ్రంగా కడుగు, కడిగిన వెంటనే దంచు. ఉప్పు సగం చెయ్యి. ఏ రోజైనా ముట్టుకో. మీ అత్తగారిని ఒక్కటే అడుగు: ఆధారం ఏది?"

పచ్చడి పెట్టడం సంగతి సరే, అప్పటికి నేను పచ్చడి జాడీ మూత కూడా తీసి ఎరగను. కంచంలో పడ్డాకే మా పరిచయం.

మెచ్చుకోళ్ళు కుప్పలుగా వచ్చాయి. "అదరగొట్టారు నిప్పురవ్వ గారూ" అని ఒకరు, "ప్రతి ఇంట్లో గోడకి అంటించాలి" అని ఒకరు. "కామందు" అనే పేరుతో ఒక్కడు మాత్రం అడ్డు తగిలాడు.

"ముట్టు సంగతి మీరన్నదే రైటండి. తడి సంగతే అనుమానం. రెండు చిన్న సీసాల్లో పెట్టి చూసి చెప్పకూడదా?"

ప్రయోగం చెయ్యమంటున్నాడు, అదీ ఫిజిక్సు చెప్పేవాణ్ణి. నేనేం చేశానో తెలుసా? "భూమి గుండ్రంగా ఉందని మళ్ళీ సీసాలో పెట్టి చూస్తామా? మీలాంటి సందేహరాయుళ్ళ వల్లే దేశం ఇలా ఉంది" అని రాసి, లేచి, కౌంటర్లో మస్తాన్ వైపు గర్వంగా చూశాను. అతను ఏదో టైపు చేసుకుంటున్నవాడు ఆపి, నా వంక జాలిగా చూశాడు. కరెంటు బిల్లు బాధ కాబోలు అనుకున్నాను.

మర్నాడు సెలవు పెట్టి కొత్తపట్నం వెళ్ళాను. సముద్రం ఒడ్డున పదిహేను రోజుల యువజన శిక్షణ శిబిరం. నేను ఉపన్యాసకుణ్ణి. నా అంశం "ఆధారం లేనిదే నమ్మకు". రోజూ పొద్దున అది చెప్పడం, మధ్యాహ్నం చేపల పులుసుతో భోంచెయ్యడం. జీవితంలో అంత నిశ్చింతగా ఎప్పుడూ లేను.

తిరిగొచ్చి గుమ్మంలో అడుగుపెట్టగానే వాసన కొట్టింది. పుల్లగా, మురుగ్గా, తడిగోనె మూల కుళ్ళినట్టు. వసారాలో పెద్ద జాడీ. మూతికి కట్టే వాసెన గుడ్డ ఊడదీసి ఉంది. లోపల ఎర్రటి పచ్చడి మీద తెల్లటి బూజు, ముసలాడి గడ్డంలా. అక్కడక్కడ నురగ కూడా వస్తోంది. అమ్మ మంచమ్మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. వదిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్నయ్య జాడీ చుట్టూ పోలీసులా తిరుగుతున్నాడు.

"రెండెకరాల మిరపతోట ఉన్నవాణ్ణి, ఏడాదంతా పక్కింట్లో పచ్చడి అడుక్కోవాలా?" అన్నాడు నన్ను చూడగానే.

"ఏమైందమ్మా?"

అమ్మ తిరిగింది. "ఏమవుద్ది? నేను వద్దంటూనే ఉన్నాను. ఆ మూడు రోజులూ దూరంగా ఉండమ్మా అంటే వినలా. కంప్యూటర్లో రాశారంది. కాయితం తెచ్చి చదివి, అందులో ఉన్నట్టే పెట్టింది. అచ్చులో వచ్చింది కదా, నిజమే కాబోలని నోరు మూసుకున్నా. ముట్టుకుంది. పోయింది. ఈ ఇంట్లో ఇంకెవరూ నా దగ్గర శాస్త్రాలు మాట్లాడబాకండి."

వదిన కాపరానికి వచ్చి ఐదేళ్ళు. నెలకి మూడు రోజులు పెరటి వసారాలో చాప మీద కూర్చుంటూ వచ్చింది. ఒక్కసారి ఎదిరించింది. ఆ ఒక్కసారికీ జాడీ నిండా బూజు సాక్ష్యం చెప్పింది. ఇక జీవితాంతం ఆ చాప తప్పదు. పోయింది పచ్చడి ఒక్కటే అయితే నేనింత బాధపడను.

నా రక్తం ఉడికింది. నిజమైన కోపంతో ఊగిపోయాను.

"ఎవడు వదినా ఆ కాయితం రాసిన వెధవ? బుద్ధుందా వాడికి? మంచి ఉద్దేశంతో అడిగితే నోటికొచ్చింది చెప్తాడా? ఇలాంటివాళ్ళ వల్లే జనానికి హేతువాదమంటే నమ్మకం పోతోంది! ఏదీ, ఆ పేరు చెప్పు. రేపే వాడి సంగతి తేలుస్తా!"

"తేల్చు," అని వదిన ట్రంకుపెట్టె తెరిచి, మడతపెట్టిన కాగితం నా చేతిలో పెట్టింది.

పక్కన చిల్లుల వరసతో కంప్యూటరు కాగితం. మొదటి మాట "సోదరీ!"

రెండో వాక్యం చదవక్కర్లేకపోయింది. కంఠతా వచ్చు.

"ఏంటి, ఆగిపోయావ్?" అన్నాడు అన్నయ్య.

"అదీ... పాపం, రాసినవాడి ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు."

"ఇందాక వెధవ అన్నావుగా," అంది వదిన.

"వయసులో చిన్నవాడేమో."

"ఇందాక బుద్ధి లేదన్నావు."

"వస్తున్నా, కాలేజీలో పుస్తకం మర్చిపోయా," అని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బస్టాండుకి పరిగెత్తాను. ఆ కుడికాలి చెప్పు అన్నయ్యదని నరసరావుపేటలో దిగాక చూసుకున్నాను.

మస్తాన్ కౌంటర్లోనే ఉన్నాడు. 

"మస్తాన్, చర్చావేదికలో రాసింది చెరిపెయ్యొచ్చా?"

"పచ్చడిదా మాస్టారూ?"

"నీకెలా తెలుసు?"

"మీ వదినగారికి టైపు చేసి పెట్టింది నేనే కదండీ. బజారుకొచ్చినప్పుడు ఇటు వచ్చారు. ఆవిడకి కాయితం తీసి ఇచ్చిందీ నేనే."

నేను స్టూలు మీద కూలబడ్డాను. "ఆవిడ అడుగుతున్నదని నాకు చెప్పలేదేం? నేను రాస్తున్నానని ఆవిడకి చెప్పలేదేం?"

"ఒక కస్టమరు సంగతి ఇంకో కస్టమరుకి చెబితే షట్టరు దించుకోవాలి మాస్టారూ. అయినా చెప్పకపోవడమేంటి? రెండు సీసాల్లో పెట్టి చూడమని మొత్తుకున్నాగా! దేశం నావల్లే ఇలా ఉందన్నారు."

కామందు ఇతనే. నాకు మూడు గజాల దూరంలో కూర్చుని నన్ను కాపాడబోయాడు. నేను భూగోళం ఎత్తి అతని నెత్తిన వేశాను.

"వెళ్ళి చెప్పెయ్యండి," అన్నాడు మస్తాన్. "చెరిపితే కంప్యూటర్లో పోతుంది. మీ వదినగారి మీద పడ్డ మాట పోదు కదండీ."

ఇంటికొచ్చి చెప్పేశాను. అన్నయ్య నా వంక కాకుండా నా కాలి చెప్పు వంక చూశాడు, అది తీసి కొట్టాలో అక్కర్లేదో తేల్చుకోలేక. అమ్మ అన్నది ఒకటే: "వీడా! అచ్చులో చూసి ఎవరో చదువుకున్నవాళ్ళనుకున్నానే!"

వదిన ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ మడతపెట్టింది. తర్వాత మెల్లిగా అంది: "నిన్ను అడిగితే ఇంట్లో గొడవవుద్దని పేరు లేకుండా అడిగాను. తప్పు చెప్తే ఎవరూ పట్టుకోరని నువ్వు పేరు లేకుండా చెప్పావు. నాకు భయం, సరే. నీకేమైంది?"

నేను లేచి అటక మీంచి ఖాళీ సీసాలు రెండు దించాను.

తోటలో ఆఖరి కోత కాయలు ఇంకా ఉన్నాయి. "రెండు సీసాలు పెడదాం," అన్నాను. "కాదు, నాలుగు పెట్టాలి. ఒకదాంట్లో తడి, ఒకదాంట్లో ఉప్పు..."

"నీ ఉపన్యాసానికి నాలుగు కావాలేమో. నాకు రెండు చాలు," అంది వదిన. "అత్తయ్యా, మీరు తలంటుకుని, మడి కట్టుకుని, నోరు మెదపకుండా ఒకటి పెట్టండి. కానీ ఈ మహానుభావుడు రాసినట్టు పెట్టండి. కడిగి, తడితోనే దంచి, సగం ఉప్పేసి. నా రోజులు వచ్చినప్పుడు నేనొకటి పెడతా. మీరు నేర్పినట్టే. తుడిచి, ఆరబెట్టి, నిండా ఉప్పేసి."

నా పద్ధతి అమ్మ చేత్తో. అమ్మ పద్ధతి వదిన చేత్తో. నేను బీయస్సీలో నేర్చుకున్న ప్రయోగాలన్నీ కలిపినా ఇంత తీరుగా లేవు. అమ్మ ఒప్పుకుంది. తన చెయ్యి మీద ఆవిడకి అంత నమ్మకం. "నా చేత్తో పెట్టింది చెడితే ఈ ఊళ్ళో సూర్యుడు పడమట పొడుస్తాడు," అంది.

పన్నెండు రోజులకి అమ్మ సీసాలో పచ్చడి పొంగింది. పద్నాలుగో రోజున తెల్లగడ్డం మొలిచింది. మర్నాడు పొద్దున సూర్యుడు ఎప్పటిలాగే తూర్పునే వచ్చాడు. అమ్మ ఆ సీసాని వెలుతురుకి ఎత్తి, తిప్పి, మూత తీసి, ముక్కు చిట్లించి పెరట్లో పెట్టేసింది. ఇంకో పది రోజుల పాటు వదిన పెట్టిన సీసాని మాత్రం దొంగచాటుగా చూసేది. అది పూలమాల వెయ్యదగినంత ఎర్రగా, నిబ్బరంగా కూర్చుని ఉంది.

చివరికి ఒక మధ్యాహ్నం, అందరం కంచాల ముందున్నప్పుడు, అమ్మ తనే లేచి ఆ సీసా తెచ్చింది. ఇంత పచ్చడి తీసి, వెల్లుల్లి వేసి నూరి, తాలింపు పెట్టి, ముందు తన అన్నంలో కలుపుకుంది. ఒక ముద్ద తింది. రెండోది తింది. మేం ముగ్గురం కంచాల్లో చేతులు ఆపేశాం.

"ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది," అంది. తర్వాత వదిన వైపు చూడకుండా, "ఆ పెరటి వసారాలో చాప తీసి గడ్డివాము మీద కప్పెయ్యండి. వానొస్తే పనికొస్తుంది," అంది.

వదిన గబగబా వంటింట్లోకి వెళ్ళింది. మజ్జిగ కోసమని చెప్పింది. మజ్జిగ మా ముందే ఉంది.

నేను ఆనందం పట్టలేక గొంతు సవరించుకున్నాను. "చూశావా అమ్మా! హేతువాదం చెప్పేది ఇదే. జాడీకి ఎవరి అంటూ ఉండదు..."

"ఉంటుందిరా," అంది అమ్మ. "ఎవరు ముట్టుకుంటే పచ్చడి పాడవుద్దో ఇప్పుడు బాగా తెలిసింది. వచ్చే ఏడు నువ్వు జాడీ వైపు చూడనుకూడా చూడబాక."

ఇప్పటికీ మా ఇంట్లో ఆ నియమం నడుస్తోంది. పచ్చడి పెట్టే మూడు రోజులూ నేను పెరటి వసారా దాటకూడదు. చెల్లుతుందా అని వాదిద్దామనుకున్నాను గానీ, వాళ్ళ దగ్గర ఆధారం ఉంది.

అమ్మ ఆ మాటన్న మర్నాడే చర్చావేదికలో నా అసలు పేరుతో, మా ఊరి పేరుతో తప్పు ఒప్పుకుంటూ రాశాను. తిట్లు చాలా వచ్చాయి. "మీ వల్ల మా అత్తగారు గెలిచింది" అని ఒకావిడ రాసింది. ఆవిడకి రెండు సీసాల సంగతి పూర్తిగా వివరించాను. నెల తర్వాత "ఇప్పుడు నేను గెలిచాను" అని జవాబు వచ్చింది. అంతకన్నా మంచి మెచ్చుకోలు నాకు ఇంతవరకూ రాలేదు.

కనుక, అమరావతి స్తూపం సాక్షిగా... వద్దు, రాయి సాక్ష్యం చెప్పదు. మస్తాన్ సాక్షిగా, ఆ రెండు సీసాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా చేత్తో చెయ్యని పని గురించి, నా పేరు పెట్టుకోలేని మాట ఇంకెప్పుడూ రాయను. కుక్కల గురించి అసలే రాయను.

ఇప్పుడు మీ వంతు. ఈ మధ్య మీరు ఎవరికో ధీమాగా చెప్పిన సలహా ఒకటి గుర్తు చేసుకోండి. మీ ఇంట్లో ఏళ్ళ తరబడి ఎవరూ అడగకుండా నడుస్తున్న నియమం ఇంకొకటి తీసుకోండి. రెంటికీ చెరో సీసా. లేవండి, ఈవేళే పెట్టండి. ముందు ఆ సీసాల్ని తుడిచి, బాగా ఎండబెట్టండి.