బావ ఎక్కితేనే కదిలే ట్రాక్టరు

చీపురుపల్లికి దగ్గర్లోని ఒక పల్లెలో జగన్నాధం అనే రైతు ఉన్నాడు. అతనికి లోకంలో రెండు విషయాల మీద గట్టి నమ్మకం. తన చేత్తో బాగుపడని వస్తువంటూ లేదన్నది ఒకటి. తన భార్య దాలమ్మకి అన్నయిన నరసింగరావు తిండికి తప్ప దేనికీ పుట్టలేదన్నది రెండోది. ఆ ఇంట్లో ఫ్యాను ఎదురుదిక్కు తిరుగుతుంది, రేడియో తడితే మాట్లాడుతుంది, అయినా మొదటి నమ్మకం చెక్కుచెదరలేదు.

జగన్నాధానికి తండ్రి నుంచి వచ్చిన ట్రాక్టరొకటి ఉంది. అది వయసులో అతనికన్నా పెద్దది. ఈ ఏడు తొలకరికి ముందు దాని వైర్లన్నీ ఎండిన పొట్లకాయల్లా పెళుసెక్కాయని పీకేసి, ఫోనులో వీడియోలు చూసుకుంటూ కొత్తవి వేశాడు. అంతటితో ఊరుకోక, తలుపులకి వెయ్యగా మిగిలిన నీలం రంగు పట్టుకొచ్చి, తీగల నట్లు కూడా విప్పి, బోల్టు తలలతో సహా ఒక్క చోటు వదలకుండా పూసేసి, మళ్లీ బిగించాడు. బండి పెళ్లికొడుకులా తయారైంది. తాళం తిప్పితే మాత్రం 'టక్' అని ఊరుకుంది.

స్విచ్ మార్చాడు. ఈసారి తాళం తిప్పితే హారన్ మోగింది, హారన్ నొక్కితే లైటు వెలిగింది. వైర్లు అటూ ఇటూ మార్చి అవి సర్దాడు గానీ బండి మాత్రం మళ్లీ 'టక్' దగ్గరే ఆగిపోయింది. చివరికి మనసొప్పక మనసొప్పక చీపురుపల్లి నుంచి ఎలక్ట్రీషియన్ ధనరాజుని పిలిచాడు. ధనరాజు టెస్ట్ బల్బు పెట్టి అన్నీ చూశాడు.

"బ్యాటరీ బాగానే ఉన్నాది. ఎర్తు ఇప్పి సూడాల" అన్నాడు. ఎర్తంటే బ్యాటరీ నుంచి వచ్చి బండి ఇనుముకి బిగించే లావుపాటి తీగ.

"అది నా సేత్తో బిగించింది. దాన్నొగ్గేసి మిగతాది సూడు" అన్నాడు జగన్నాధం.

"మిగతాది బాగానే ఉన్నాది మరి" అని ధనరాజు టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ వారమే నరసింగరావు దిగాడు. అతను నౌపడ దగ్గర ఉప్పు మళ్లలో మేస్త్రీ. వానలు మొదలైతే ఉప్పు పని ఉండదు కాబట్టి, ఎండు నెత్తళ్ల చేపల సంచీ చంకన పెట్టుకుని ఏటా రైలెక్కి చెల్లెలింటికి వచ్చేస్తాడు. మరునాడు పొద్దున్న చెల్లెలి మొగుడు పడుతున్న అవస్థ చూద్దామని మడ్‌గార్డు మీదెక్కి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. జగన్నాధం విసుగ్గా తాళం తిప్పాడు. ట్రాక్టరు దడదడలాడుతూ స్టార్టయింది.

ఆర్పి, బావని దింపి, మళ్లీ తిప్పాడు. టక్. బావని ఎక్కించాడు. దడదడ.

జగన్నాధం ఆలోచనలో పడ్డాడు. బరువు సంగతేమోనని అక్కడ వడ్ల బస్తా పెట్టాడు. కదల్లేదు. దాలమ్మని కూర్చోబెట్టాడు. కదల్లేదు సరికదా, పొయ్యి మీద పాలు పొంగిపోయాయని ఆవిడ చేత చీవాట్లు పడ్డాయి. నరసింగరావు ఎక్కాడు, స్టార్టయింది.

"కొందరి ఒళ్లు అలాటిది బావా. మన సేతుల్లో ఏటున్నాది" అన్నాడు నరసింగరావు, కళ్లు సగం మూసి.

వాన పడింది. ఊరంతా మళ్లలో నీళ్లు కట్టి దున్నే దమ్ముకి దిగింది. ఇక నరసింగరావు లేనిదే జగన్నాధానికి పొద్దు గడవదు. బురదలో బండి ఆగినప్పుడల్లా గట్టు మీద కునికే బావని బతిమాలి ఎక్కించుకోవాలి. స్టార్టయిన ప్రతిసారీ నరసింగరావు చిన్నగా ఎగిరిపడి "అమ్మా" అనేవాడు. శక్తి ఒంట్లోంచి బండిలోకి పోతున్నప్పుడు అలాగే ఉంటుందని జగన్నాధం సరిపెట్టుకున్నాడు.

ఆ శక్తికి మేత కూడా కావాలి కదా. నరసింగరావుకి నాటుకోడి పులుసు, జగన్నాధానికి చోడి అంబలి. మంచం బావది, చాప ఇంటాయనది. పనికిమాలినవాడని పాతికేళ్లు తిట్టిన మనిషికి పొద్దున్నే కాఫీ గ్లాసు తనే అందించాల్సి వచ్చింది. ఉభాలు, అంటే వరినాట్లు, ఆగితే ఏడాది పంట పోతుంది. అందుకే రెండో గ్లాసు కూడా అందించేవాడు.

ఒక మధ్యాహ్నం దాలమ్మ గబగబా దొడ్లోకి వచ్చింది.

"మా అన్న తొంగున్నాడు. ఎడం మడమ మీద కాలిన మచ్చుంది, సూసినావా?"

"బురదలో ఏదో గుచ్చుకునుంటాది."

"గుచ్చుకుంటే ఆరు మూలలు వస్తాయేటి? అచ్చం నట్టు లాగున్నాది."

జగన్నాధం చేతిలో చెంబు కింద పెట్టి ట్రాక్టరు దగ్గరికి నడిచాడు. మడ్‌గార్డు మీద కూర్చుని బావలాగే కాళ్లు చాపాడు. ఎడం మడమ సరిగ్గా ఎర్తు నట్టు మీద ఆనింది. నట్టు వదులుగా ఉంది. విప్పి చూస్తే తీగకీ ఇనుముకీ మధ్య తను పూసిన నీలం రంగు మందంగా, నిగనిగలాడుతూ కనిపించింది. మడమతో అదిమితే తీగ ఇనుముకి తగులుతోంది. తగిలినప్పుడల్లా నట్టు వేడెక్కి బావని కాలుస్తోంది.

తప్పు తన రంగుదని తేలినందుకు ఏడవాలో, బావ ఒట్టి మనిషేనని తేలినందుకు నవ్వాలో అతనికి తెలీలేదు. ఉప్పుకాగితంతో రంగు గీకి, తీగ పెట్టి, నట్టు బిగించాడు. దాలమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మరునాడు నరసింగరావు కాఫీ తాగి, చేతులు జోడించి నిలబడ్డవాళ్లెవరైనా ఉన్నారా అన్నట్టు చుట్టూ చూసి, మడ్‌గార్డు ఎక్కబోయాడు. ఒక కాలు ఇంకా నేల మీదే ఉంది. జగన్నాధం తాళం తిప్పాడు. బండి స్టార్టయింది.

"అదేటి బావా, నానింకా కాలెట్టనేదు కదా" అన్నాడు నరసింగరావు.

అనేశాక నాలుక కరుచుకున్నాడు. జగన్నాధం ఇంజను ఆర్పాడు.

"మొదటిరోజే తెలిసిందేటి?" అన్నాడు జగన్నాధం.

"తెలిసింది. సెప్దావనే అనుకున్నాను. ఈలోగా కోడిపులుసు తెచ్చినావు." మడమ తడుముకున్నాడు. "ఊరికే తిన్నానేటి, కాల్సుకుని తిన్నాను."

జగన్నాధానికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు గానీ, స్టీరింగు మీద తల ఆన్చి భుజాలు కదిలేలా నవ్వాడు. చెయ్యి చాచి బావని పైకి లాక్కున్నాడు.

అయితే నరసింగరావు మహిమ గురించి అప్పటికే విన్న పక్క ఊరికి ఈ కబురు చేరలేదు. ఆ సాయంత్రమే అక్కడి నారాయణమూర్తి కోడిపుంజుతో వచ్చి, తన వ్యాను దారిలో ఆగిపోయిందని, నరసింగరావు గారు ఒక్కసారి వచ్చి కూర్చోవాలని వేడుకున్నాడు. కోడిని చూసి నరసింగరావు బావ వైపు చూశాడు. జగన్నాధం లోపలికెళ్లి స్పానర్లు తెచ్చుకున్నాడు.

నరసింగరావు వ్యానెక్కి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. జగన్నాధం కిందకి దూరి ఎర్తు బిగించాడు, బ్యాటరీ చూశాడు, ప్రతి తీగా లాగి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. బండి మాత్రం కదల్లేదు. చివరికి ట్యాంకు మూత తీసి పుల్ల ముంచాడు. పుల్ల పొడిగా వచ్చింది.

పుల్లని బావకి చూపించాడు. నరసింగరావు దాన్ని చూసి, నారాయణమూర్తి వైపు తిరిగి గంభీరంగా అన్నాడు.

"బాబూ, నాను కూకుంటాను. డీజిలు మాత్రం నువ్వే పొయ్యాల."