మేడమ్ గారి స్ఫటికానికి దసరా హారతి

హారతి ఇచ్చి పుణ్యం సంపాదించుకున్నవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. హారతి ఇచ్చి ఉద్యోగం మీదికి తెచ్చుకున్నదాన్ని చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి. కూర్చోండి, చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి, మా ఇంట్లో కూడా ఎవరూ ఆపుకోలేదు.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు. నేను యూనివర్సిటీలో కొత్తగా చేరిన ప్రాజెక్టు అసిస్టెంటును. ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చి ఏడాది కాలేదు కానీ, కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నా అంత శాస్త్రవేత్త లేదని నా గట్టి నమ్మకం.

మా మేడమ్ పరిశోధన అంతా ఒక లోహపు ముక్క మీద. నికెల్, మాంగనీసు, గాలియం కలిపి ఒకే స్ఫటికంగా పెంచింది అది. సగం విరిచిన అగ్గిపుల్లంత ఉంటుంది. బలమైన అయస్కాంతం దగ్గరికి తెస్తే సాగుతుంది. అయస్కాంతం తీసేసినా అలాగే ఉండిపోతుంది. అదే అయస్కాంతాన్ని అడ్డంగా తిప్పి పెడితే మళ్లీ తన పాత పొడవుకు వచ్చేస్తుంది. మేకు అయస్కాంతానికి అతుక్కుంటుందని చిన్నపిల్లలకూ తెలుసు. ఒక లోహం తన ఒళ్లు తానే విరుచుకుని మళ్లీ ముడుచుకోవడం నేను ఎప్పుడు చూసినా నోరు తెరుచుకునే చూశాను.

ల్యాబుకు తాళం పడేరోజు మేడమ్ ఆ ముక్కను చిన్న డబ్బాలో పెట్టి నా చేతికిచ్చారు. ఆవిడ తమ్ముడి కారులో ఊరికి వెళుతున్నారు.

"సమ్మె అయిపోగానే ఢిల్లీ నుంచి కమిటీ వస్తుంది మంజులా. వాళ్ల ముందు ఇది కదలకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది, నీ ఉద్యోగమూ పోతుంది. మన దగ్గర ఉన్నది ఇదొక్కటే. జాగ్రత్తగా, చల్లగా ఉంచు" అన్నారు.

అన్నీ విన్నాను. జాగ్రత్తగా అన్నది ఒక్కటే నా బుర్రకెక్కింది. మా ఇంట్లో అన్నింటికన్నా జాగ్రత్తయిన చోటు ఏది? దేవుడి అల్మారా. అక్కడే పెట్టాను.

దసరా వచ్చింది. మావాళ్లది పోచంపల్లి. నాన్న ఒకప్పుడు మగ్గం నేసి, తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్నాడు. పండగనాడు అన్నం పెట్టే పనిముట్లన్నీ పూజలో ఉండాల్సిందే. నాన్న కత్తెర, గజం బద్ద, అమ్మ కుట్టుమిషను అన్నీ బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి.

"ఏమే, నౌకరి చేస్తున్నవ్ కదా, నీ పనిముట్టు ఏది?" అంది అమ్మ.

ఆ మాటతో నా ఛాతీ పొంగింది. డబ్బా తెరిచాను.

"గింతనా?" అంది అమ్మ. "గిది పెట్టి ఏం జేస్తవే?"

"సూడుండ్రి" అని ఆ ముక్కను నాన్న ముందు పెట్టాను. పోగులు లెక్కపెట్టడానికి నాన్న వాడే భూతద్దం తెచ్చి చేతికిచ్చాను. నాన్న వంగి చూశాడు.

"చారలున్నయి. ఎవరు అద్దిన్రు బిడ్డా?"

"ఎవరు అద్దలే నాన్నా. లోపట అణువులు కొన్ని ఇటు మళ్లి, కొన్ని అటు మళ్లి నిలబడ్డయి. మనకు పైకి చారలెక్క కనిపిస్తది. ఇప్పుడు సూడు."

ల్యాబు నుంచి తెచ్చుకున్న అయస్కాంతాలు సంచిలోంచి తీసి ముక్కకు చెరోవైపు పట్టుకున్నాను. ఒకరకం చారలు వెడల్పయ్యాయి. రెండోరకం సన్నబడి, సన్నబడి, అంచుదాకా జరిగి మాయమయ్యాయి. నాన్న చాలాసేపు తల ఎత్తలేదు.

"నేసిన చీర మీద అంచు నడిచిపోయినట్టుంది" అన్నాడు చివరికి. ఆయన గొంతు అట్లా తగ్గడం నేను అంతకుముందు వినలేదు.

అప్పుడే మేడమీది ఇంటి ఓనరు సుబ్బారావు అంకుల్ అరిసెలు పట్టుకుని దిగివచ్చాడు. ఆయనది గుంటూరు. రోజూ టీవీలో వార్తలు రాగానే ఆయనా నాన్నా రాష్ట్రం వస్తుందా రాదా అని ఇల్లు ఎగిరిపోయేలా వాదించుకుంటారు. తర్వాత కలిసి టీ తాగుతారు.

"ఏంటండీ వెంకటేశం గారూ, అంత పరీక్షగా చూస్తున్నారు?"

"రా సారు, జర ఇది సూడు. నువ్వు గిసొంటిది చూసి ఉండవు."

ఒకే భూతద్దం కింద ఇద్దరూ తలలు దూర్చారు. నేను అయస్కాంతం అడ్డంగా తిప్పాను. చారలు మళ్లీ పుట్టాయి. "అమ్మో" అన్నాడు అంకుల్. "ఇది బతికుందా ఏంటమ్మా?" ఆరోజు ఇంట్లో తెలంగాణ మాట గానీ సమైక్యం మాట గానీ ఎవరూ ఎత్తలేదు.

అక్కడ ఆగిపోయి ఉంటే ఈ కథే లేదు. నేను ఆగే రకం కాదు. ముక్కకు ఒక మూలన పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఇత్తడి పళ్లెంలో సరిగ్గా కర్పూరం పక్కనే పడుకోబెట్టాను.

"అమ్మా, కర్పూరం ఇంకింత వెయ్యి. గిది మామూలు లోహం కాదు."

అమ్మ ధారాళంగా వేసింది. మంట లేచింది. గంట మోగింది. అందరం కళ్లు మూసుకున్నాం, ఒక్క నాన్న తప్ప. ఆయన భూతద్దం ఇంకా వదల్లేదు.

"బిడ్డా" అన్నాడు నెమ్మదిగా. "చారలు పోతున్నయి."

కళ్లు తెరిచేసరికి ముక్క ఉలిక్కిపడ్డట్టు ఒకసారి కదిలింది. ఒక కొసనుంచి రెండో కొసకు చారలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అద్దంలాంటి నున్నటి లోహం మిగిలింది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు భయం కూడా వేయలేదు. అంత అందంగా ఉంది. ఆ తర్వాతే మేడమ్ చెప్పిన 'చల్లగా' అన్న మాట గుర్తొచ్చి గబగబా ముక్కను పళ్లెంలోంచి బయటికి లాగాను.

చల్లారాక చారలు వచ్చాయి. వచ్చాయి కానీ, చిందరవందరగా ఒకదాని మీద ఒకటి పడి వచ్చాయి. అయస్కాంతాలు ఇటు పెట్టాను, అటు పెట్టాను. ముక్క కదిలితే ఒట్టు.

"దిష్టి తగిలింది" అని అమ్మ మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. "ఫ్రిజ్‌లో పెట్టి చూడండి" అన్నాడు అంకుల్. పెట్టాం. చల్లని ముక్క బయటికొచ్చింది, అంతే. తడిసిన సెల్‌ఫోన్‌ను బియ్యంలో పెడతారని ఎవరో చెప్పగా విని అమ్మ బియ్యం డబ్బాలో పెట్టింది. దాన్ని మళ్లీ వెతకడానికి బియ్యమంతా చేటలో పోసి, చెరగాల్సి వచ్చింది. వాళ్లు నవ్వుతుంటే నేను ఏడ్చాను.

మర్నాడు మేడమ్ ఎల్బీ నగర్‌లోని తన ఇంటికి వచ్చేశారని తెలిసి నాన్నా నేనూ నడిచి బయల్దేరాం. దారిలో సమ్మెవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జై తెలంగాణ అని నాలుగు కేకలు వేసి, పప్పన్నం తినందే మమ్మల్ని కదలనివ్వలేదు. నా ఉద్యోగానికి అదే చివరి భోజనమనుకుని గట్టిగానే తిన్నాను.

మేడమ్ డబ్బా తెరిచారు. కర్పూరం వాసన గుప్పుమంది.

"ఇదేంటి?"

"హారతి ఇచ్చిన మేడమ్."

"దేనికి?"

"దీనికే మేడమ్."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమోనని దగ్గరికి వెళ్లాను. నవ్వుతున్నారు.

"చచ్చిపోయిందనుకున్నావా? వేడెక్కితే లోపలి అమరిక మారుతుంది, అందుకే చారలు పోతాయి. చల్లారితే వస్తాయి కానీ ఎటు పడితే అటు పెరిగి, ఒకదాన్నొకటి కదలనివ్వవు. పొడవుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మార్చి మార్చి నొక్కితే దారికొస్తాయి. ఒకసారి వేడిచేసి, మొదటినుంచి మళ్లీ నొక్కి చూడాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది. ఉన్నది ఒక్కటే కదా, ధైర్యం చాల్లేదు."

"మా పిల్లకు తెలివి తక్కువ మేడమ్, ధైర్యం ఎక్కువ" అన్నాడు నాన్న. నన్ను మెచ్చుకున్నాడో తిట్టాడో ఇప్పటికీ తేలలేదు.

సమ్మె ముగిశాక ల్యాబులో మేడమ్ చెప్పినట్టే చాలాసార్లు నొక్కాం. కమిటీ వచ్చిన రోజు ముక్కను నేనే పట్టుకెళ్లి వాళ్ల ముందు పెట్టాను. అయస్కాంతం దగ్గరికి వెళ్లగానే ముక్క సాగింది. మునుపటికన్నా ఎక్కువ సాగింది. కమిటీ పెద్దాయన సూక్ష్మదర్శిని లోంచి కన్ను తీయకుండా, ఎంత బాగుంది, ఎంత బాగుంది అని తనలో తాను అనుకుంటూ ఉండిపోయాడు. ప్రాజెక్టు నిలిచింది. నా ఉద్యోగమూ నిలిచింది.

లేవబోతూ ఆయన ఇంగ్లీషులో రెండు ప్రశ్నలు అడిగాడు. ఇంత చక్కటి ఉష్ణచికిత్స ఏ కొలిమిలో చేశారు? ఈ మూలన ఎర్రగా కనిపిస్తున్న పదార్థం ఏమిటి?

మేడమ్ ముఖం కదలకుండా నావైపు తిరిగారు. "చెప్పు మంజులా, చేసింది నువ్వే కదా."

ఏం చెప్పానో అడగకండి. ఆ సాయంత్రమే అమ్మ వెలిగించిన దీపం ముందు నిలబడి ప్రమాణం చేశాను. ఏ లోహం ఎంత వేడికి రూపు మారుస్తుందో తెలుసుకోకుండా ఈ జన్మలో దానికి హారతి ఇవ్వను. ఆ మాట మీదే ఉన్నాను. కానీ ఏటా దసరా ముందురోజు మా ఇంటికి ఒక చిన్న డబ్బా వస్తుంది, వెంటనే మేడమ్ ఫోన్ కూడా వస్తుంది.

"కొత్త ముక్క పంపాను. ఆరోజు మీ అమ్మగారు ఎంత కర్పూరం వేశారో, అంతే వెయ్యమని చెప్పు."