బడిపాకలో పడుకున్న నాగలి

గళ్ళుప్పు కనబడితే ఈనాటికీ నేను మొహం తిప్పుకుంటాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. ఉప్పు చూసి మొహం తిప్పుకునే మనిషి లోకంలో మీరొక్కరేనంటారు. నవ్వనీండి. కొండ మీద నాలుగేళ్ళు నేను ఎవడి ఉప్పు తిన్నానో వాళ్ళకేం తెలుసు?

హుకుంపేటకు కోసెడు దూరంలో ఒక కొండ ఊళ్ళో మిషన్ వాళ్ళ బడికి నేను మాస్టర్ని. కొండవాళ్ళ ఫితూరీ, అంటే తిరుగుబాటు, అణిగిపోయిన కొత్త రోజులు. ఎవడైనా సర్కారుకు ఒక కాగితం ముక్క రాశాడంటే నాలుగు రోజుల్లో పోలీసు బూట్లు కొండెక్కేవి. బూట్లు ఎక్కితే ఊళ్ళో కోడి మిగిలేది కాదు, మేక మిగిలేది కాదు. అందుకని అక్కడివాళ్ళకు పులి కన్నా కాగితమంటేనే ఎక్కువ భయం.

ఊళ్ళో ఉప్పు కొట్టు ఒకటే. ఆ షావుకారు కొండమనిషి కాదు, మాలాగే పల్లం నుంచి వచ్చినవాడు. మా అత్తవారి ఊరికి వాళ్ళది పక్క ఊరే. కావిడి భుజాన వేసుకుని ఒంటరిగా కొండెక్కాడట. నేను వెళ్ళేసరికి కొట్టు, పెంకుటిల్లు, వాగు పక్కన మంచి వరిమళ్ళు ఉన్నాయి. కొండవాళ్ళ భూమి పల్లపువాళ్ళు కొనకూడదని చట్టం కదా, మళ్ళన్నీ కొండవాళ్ళ పేర్ల మీదే ఉండేవి. ధాన్యం మాత్రం తప్పకుండా ఇతని గాదెకు నడిచొచ్చేది. మాటకు ముందొక ధర్మం, వెనకొక ధర్మం అతనికి. "మాస్టారి దగ్గర ఉప్పుకు డబ్బులు పుచ్చుకుంటే నా చేతులు పడిపోతాయి" అనేవాడు. మూడు నెలలకోసారి జీతం మొహం చూసే నేను "ఎందుకండీ, ఎందుకండీ" అంటూనే మూట అందుకునేవాణ్ణి.

అప్పట్లో అక్కడ పన్ను భూమికి కాదు, నాగలికి. ఇంట్లో ఎన్ని నాగళ్ళుంటే అన్ని పన్నులు. నాగలి లేక పారతో పోడు చేసుకునేవాళ్ళకు అందులో సగమే. కోతలయ్యాక ముఠాదారు, అంటే సర్కారు తరఫున ఆ ఊళ్ళలో పన్ను వసూలు చేసే కొండపెద్ద, తాలూకా గుమాస్తాను వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఆ రోజు ఎవరి నాగలి వాళ్ళు గుమ్మం ముందు నిలబెట్టి, దాని మీద చెయ్యివేసి "నాదే" అనాలి. అంతే. వేలిముద్ర కూడా అక్కర్లేదు. నాగలి మీద చెయ్యివేసి బొంకితే పులి ఎత్తుకుపోతుందని వాళ్ళ నమ్మకం. గుమాస్తాలకు కూడా ఆ నమ్మకం మీద నమ్మకమే.

ఆ ఏడాది నాగళ్ళ లెక్కకు రెండు రోజుల ముందు షావుకారు పాలేరు చేత ఒక నాగలి మోయించుకుని బడికొచ్చాడు.

"మాస్టారూ, మా కొట్టంలో చెదలు పట్టిందండీ. నాలుగు రోజులు దీన్ని మీ బడిపాకలో పడుకోబెట్టనివ్వండి."

బుర్ర ఊపాను. మిషన్ బడి సొత్తు లెక్కలోకి రాదని నాకు తెలుసు. అయినా ఆ పూట తట్టలేదు. తట్టలేదనే ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకొచ్చాను. కాటికి కాళ్ళు చాపుకున్నాక అబద్ధమెందుకు, కొంచెం తట్టింది.

లెక్క రోజున బడి గుమ్మంలో నిలబడి చూస్తే, ఏనాడూ నాగలి లేని ఇళ్ళ ముందు నాగళ్ళు మొలిచాయి. షావుకారు గుమ్మంలో మాత్రం ఒకే ఒక్కటి. దానికి పసుపు, కుంకుమ, మామిడాకు. పక్కన చేతులు జోడించుకుని అతను. ఓరి నీ ధర్మం మండా, అనుకున్నాను.

బడికి ఎదురిల్లు ఒక ముసలావిడది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఒక పార, ఒక సూడి ఆవు, అదే ఆవిడ సంసారం. ఎన్నడూ సగం పన్ను తప్ప ఎరగదు. ఆవిడ గుమ్మం ముందు కూడా నాగలి నిలబడి ఉంది. గుమాస్తా అడిగాడు. ఆవిడ చెయ్యివేసి, ఊరంతా వినేలా, "నాదే" అంది.

వాళ్ళు అటు వెళ్ళగానే నేను ఇటు పరిగెత్తాను.

"అవ్వా, నీకు నాగలెక్కడిది? అది షావుకారుది కాదూ?"

"ఆయనదే బాబూ."

"మరి నాదే అన్నావేం?"

మొద్దు పిల్లాణ్ణి చూసినట్టు చూసింది నన్ను. "ఏటి బాబూ అలాగడుగుతావు? రెండు రోజులుంచమ్మా అన్నాడు, ఉంచినాను. వచ్చిన నాడే సోడిముద్ద పెట్టినాను, పసుపు రాసినాను. మా ఇంట తొంగున్నాది. తొంగున్నదాన్ని పదిమందిలో నాది కాదంటానేటి? ఎవులైనా అంటారేటి?"

అప్పుడు నాకు తెలిసింది ఆ కొండల పద్ధతి. చుట్టమైనా, మేకైనా, పారైనా, చూరు కింద పడుకుని ముద్ద తిన్నదంటే అది ఇంటిదే. దాని తప్పు తమ తప్పు, దాని దండుగ తమ దండుగ. కాదని అనడమంటే చుట్టాన్ని కర్ర పెట్టి తరిమినట్టు. ఆవిడ లెక్కలో ఆవిడ బొంకలేదు. షావుకారుకు ఈ సంగతి నాకన్నా పదేళ్ళ ముందే తెలుసు. అబద్ధమాడమని ఎవర్నీ అడగలేదు, ఎవర్నీ బెదిరించలేదు. "రెండు రోజులుంచండి" అన్నాడు, అంతే. థూ! సంతలో జేబులు కత్తిరించేవాడు నయం, వాడు కనీసం పారిపోతాడు. ఇతను అక్కడే నిలబడి దణ్ణం పెట్టాడు.

ఆ సాయంత్రమే కూర్చుని కాగితం రాశాను. పాడేరులో తాసీల్దారు క్యాంపు పడుతుందని తెలుసు. షావుకారు నాగళ్ళు ఇన్ని, అవి ఫలానా ఇళ్ళలో దాచి సర్కారు పన్ను ఎగ్గొట్టాడు, ఆ భారం లేనివాళ్ళ నెత్తిన పడింది, అని. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. మా ఆవిడ భుజం మీంచి చదివింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారన్నమాట."

"నోర్ముయ్."

"మూస్తాను. ఈ కొండ మీద ఇంకో ఉప్పు కొట్టుందా, అది చెప్పండి మూస్తాను. ఊళ్ళో నాగళ్ళన్నీ రాశారు కదా, మన పాకలోది రాశారా?"

రాయలేదు. గురివింద గింజకు తన కింద నలుపు తెలీదంటారు గానీ, నాకు తెలిసే రాయలేదు. ఆవిడ అడిగేసరికి ఒళ్ళు మండి అన్నం ముందు నుంచి లేచిపోయాను.

మర్నాడు సంగతి విని ముసలావిడ వచ్చింది. "కాయితం ఇవ్వకు బాబూ. పోలీసులొత్తారు. అయినా నా మాట అబద్ధం సేత్తావేటి?" అంది. నిజం చెప్పనా? ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కోసం ఆగానని చెప్పుకోవచ్చు కదా! పిరికివాడికి ఇంతకన్నా మంచి వంక దొరుకుతుందా?

ఊరికే ఉండలేక కొట్టుకు మాత్రం వెళ్ళాను, కడిగెయ్యాలని. షావుకారు త్రాసు దించకుండానే విన్నాడు.

"ధర్మం మాట్లాడుకుందాం మాస్టారూ. పదిమందిలో నాదే అంది కదండీ ఆ ముసిల్ది? నేననమన్నానా? ఇప్పుడు మీరు కాదంటే ఊళ్ళో దాని మొహాన ఉమ్మేస్తారు. పెద్దముండ, పాపం కదూ?" అంటూ అడ్డాకులో ఉప్పు పోసి, మూటకట్టి, నా చేతిలో పెట్టాడు. "అమ్మగారికి నమస్కారాలని చెప్పండి."

పుచ్చుకున్నాను. కడుగుదామని వెళ్ళినవాణ్ణి మూట పట్టుకుని ఇంటికొచ్చాను. ఛీ.

గడువు రానే వచ్చింది. పన్ను కట్టడానికి ముసలావిడ దగ్గర ఆవు తప్ప ఏముంది? హుకుంపేట సంతకు తోలుకెళ్ళింది. బడి సెలవు, నేనూ వెళ్ళాను. కాగితం చొక్కా జేబులోనే ఉంది. పది అడుగుల్లో తాలూకా జవాను చింతచెట్టు కింద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. చేతికిస్తే క్యాంపుకు పట్టుకుపోతాడు. ఇచ్చేద్దామనుకుంటూ ఉండగానే ఆవు బేరం తెగింది. కొన్నదెవరనుకున్నారు? ఇంకెవరు, షావుకారే! ఈనడానికి నెల లేని ఆవుకు మేకంత ధర కట్టి, పైగా "ముసలమ్మ కష్టం చూడలేక కొన్నానండీ" అన్నాడు నన్ను చూసి. ఆవిడ పలుపుతాడు కుడిచేత్తో ఇచ్చింది, ఎడమచేత్తో ఇస్తే పాలు ఎండిపోతాయని. కొన్నవాడి పాలు ఎండిపోకూడదని! అయినా జేబులోది జేబులోనే ఉండిపోయింది.

తొలకరి పడింది. షావుకారు పాలేరు ఇంటింటికీ తిరిగి నాగళ్ళు వెనక్కి తెచ్చుకున్నాడు. ఉప్పు కొట్టు ఒకటే కదా, అందరూ ఇచ్చేశారు. ఎదురింటి దగ్గర మాత్రం గొడవ వినిపించి నేను పాఠం ఆపేశాను.

"నాగలేటి? నీ నాగలేటి?" అంటోంది ముసలావిడ. షావుకారు కూడా వచ్చి ఉన్నాడు. ఆవిడ అతని మొహంలోకి చూస్తూనే అంటోంది. "పదిమందిలో నాదన్నాను. ఆవునమ్మి పన్ను కట్టినాను. ముద్ద పెట్టినాను. నీదైతే ఆ నాడెందుకు సెప్పనేదు? నోట్లో ఏటుంది?"

అందులో ఎకసెక్కం లేదు, పంతం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. ఆవిడకు అంతకన్నా తెలిసిన సంగతి లోకంలో లేదు. షావుకారు ధర్మం ఎటు పోయిందో, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. ఆవిడ కదల్లేదు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు. నాగలి నాదని మీకు తెలుసు. చెప్పండి దీనికి!"

నాలుగు నెలలుగా నా జేబులో నలుగుతున్న మాట అదే. ఆ నాగలి అతనిదని. ఇప్పుడు అతనే నోరు తెరిచి చెప్పమంటున్నాడు. "పదండి, పాడేరు వెళ్ళి తాసీల్దారు ముందే చెబుతాను" అంటే చాలు, అక్కడితో అతని పని సరి. "కాదు, ఆవిడదే" అన్నా ఒక అందం ఉండేది. నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "నాకేం తెలుసండీ, మీరూ మీరూ చూసుకోండి" అని వచ్చింది. మగాణ్ణి, మాస్టర్ని, ముప్పై మంది పిల్లలకు సత్యమునే పలకవలెను అని దస్తూరీ రాయించేవాణ్ణి.

సర్కారుకు చెప్పుకోలేడు, ఊరికి చెప్పుకోలేడు. షావుకారు ఆవిడ గుమ్మంలో కాండ్రించి ఉమ్మి, "ఉంచుకుని ఏడు" అని బడి వైపు నడిచాడు. అరుగెక్కేసరికి మొహం మళ్ళీ మామూలైపోయింది.

"పోన్లెండి మాస్టారూ. మన పాకలోదైనా ఇప్పించండి."

ఇప్పించాను. ఇప్పించడమేమిటి, పాలేరు భుజానికి ఎత్తడానికి ఒక పక్క నేనే పట్టాను. తలెత్తి చూస్తే ముసలావిడ తన నాగలి మీద చెయ్యివేసి ఎదురుగా నిలబడి ఉంది. కోపంగా కాదు, అర్థం కాక అడిగింది.

"బాబూ, అది నీ ఇంట తొంగోనేదేటి?"

తొంగుంది. నాలుగు నెలలు తొంగుంది. పాఠానికి వెళ్ళిపోయాను.

సాయంత్రం పాలేరు ఉప్పు మూట తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు, ఎప్పటికన్నా పెద్దది. మా ఆవిడ లోపలికి తీసుకెళ్ళింది. నేను వద్దనలేదు.