జల్లెడలో తంగేడు

ఇంజను మోతను పోశెట్టి ఏనాడూ నమ్మలేదు. ముంబై కామాటిపురాలో తాముండే చాల్‌లో నల్లా తిప్పినా ముందు అరచెయ్యి పెట్టి చూశాకే చెంబు పెడతాడు. తను ఇంజను చూసుకునే లాంచీలోనూ అంతే. సముద్రపు నీళ్లు ఇంజనులోకి వచ్చే వాల్వు తిప్పి, స్టార్టు చేసి, అంచు మీద బోర్లా వంగి, పొగగొట్టంలోంచి దూకే నీళ్ల కింద చెయ్యి పెడతాడు. ఇంజను వేడిని మోసుకొచ్చే ఆ నీళ్లు నిండు ధారగా, గోరువెచ్చగా తగిలితేనే తాడు విప్పనిస్తాడు.

బతుకమ్మ మర్నాడు ధార సన్నబడి, చెయ్యి చురుక్కుమంది. ఇంజను ఆపేశాడు. లాంచీ నిండా జనం.

"కాకా, లేటయితుంది, చలో," అన్నాడు లాంచీ నడిపే ప్రథమేశ్.

"నడిసముద్రంల ఇంజన్ కాలితే ఏం జేస్తవ్ బేటా?" అంటూ పోశెట్టి వాల్వు కట్టేసి, నీళ్లు వడగట్టే జల్లెడను పైకి తీశాడు. దాన్నిండా పూలు. బంతిపూలైతే ముంబైలో ఎవరివైనా కావచ్చు. తంగేడు మాత్రం ఊరి నుంచి బస్సులో తెప్పించుకునే తమ చాల్ ఆడవాళ్లదే. నిన్న సాయంత్రం లాంచీలు ఆగే ఈ ధక్కా దగ్గరే బతుకమ్మను సాగనంపారు. భార్య శాంతాబాయి ఏటా రమ్మంటుంది, డ్యూటీ ఏటా అడ్డం పడుతుంది. పోశెట్టి ఆ పూలను దులిపెయ్యలేదు. దోసిట్లోకి తీసుకుని, లాంచీకి అవతలి వైపు నీళ్లలో మెల్లగా వదిలాడు. మళ్లీ స్టార్టు చేసి, మళ్లీ వంగి, చెయ్యి పెట్టాడు.

ఆ సాయంత్రం శాంతాబాయి చాయ్ ఇస్తూ, "నిన్న చీకట్ల కనవడలే. గౌరమ్మ మంచిగ పోయిందో లేదో," అంది.

"పోయింది తియ్," అన్నాడు పోశెట్టి. "పొయ్యే ముందర నా ఇంజన్లకొచ్చి, నన్ను జూసి పోయింది."